అరుదైన చిన్నజాతి కుక్క: ఎంపికలో వివేకం

కుక్కకు, మనిషికి గల స్నేహం వేల సంవత్సరాల నాటిది. ఇంటి వాకిట కాపలా కాసినదీ, మందవెంట అడవికి నడిచినదీ, వేటలో ముందు పరుగెత్తినదీ కుక్కయే. ఈ పనులేవీ చేయక, యజమాని ఒడిలో కూర్చుండుటయే వృత్తిగా గల కుక్కలు కూడ ఎన్నో వందల ఏండ్లుగా ఉన్నవి. 1873లో లండనులో స్థాపితమైన కెన్నెల్ క్లబ్బు కుక్కల జాతులను వర్గాలుగా విభజించినప్పుడు, ఈ చిన్నకుక్కలను ఒక ప్రత్యేక వర్గంగా చేర్చి ‘టాయ్’ అని పేరు పెట్టింది. టాయ్ అంటే ఆటబొమ్మ. చివావా, పెకినీస్, పగ్, పొమరేనియన్, మాల్టీస్, ఇటాలియన్ గ్రేహౌండ్ మొదలైనవి ఈ వర్గంలోనివే. పేరు ఆటబొమ్మయే కాని, లోపల ఉన్నది పెద్దకుక్కలో ఉన్న గుండెయే, అదే వెన్నెముక, అదే నొప్పి. చిన్నకుక్కను తెచ్చుకోదలచిన గృహస్థు మొదట గుర్తుంచుకోవలసిన మాట ఇది.

ఇక రెండవ మాట ‘అరుదు’ అనే దానిని గూర్చి. ఏ వస్తువైనా అరుదుగా దొరికితే దానికి విలువ హెచ్చు అనుకోవడం లోకంలో పరిపాటి. రత్నాల విషయంలో ఇది నిజం కావచ్చును. ప్రాణుల విషయంలో అరుదు అనేది గుణం కాదు, కేవలం ఒక సంఖ్య. కెన్నెల్ క్లబ్బువారు బ్రిటిష్ దీవులలో పుట్టిన జాతులలో ఏడాదికి 300 కంటె తక్కువ కూనలు నమోదయ్యేవాటిని ‘ప్రమాదంలో ఉన్న స్వదేశీ జాతులు’ అని ఒక పట్టికలో చేర్చుతున్నారు. ఆ పట్టికలో టాయ్ వర్గానికి చెందిన రెండు జాతులు ఉన్నవి. ఒకటి ఇంగ్లీష్ టాయ్ టెర్రియర్. రెండవది కింగ్ చార్లెస్ స్పానియల్. ఒక జాతి ఎందుకు అరుదవుతుంది, అరుదైనప్పుడు దాని శరీరానికి ఏమి జరుగుతుంది, అటువంటి కుక్కను ఇంటికి తెచ్చుకొనేవారు ఏమి విచారించుకోవాలి అనే మూడు ప్రశ్నలకు ఈ రెండవ జాతి చరిత్ర చక్కని సమాధానం చెబుతుంది.

1660 నుండి 1685 వరకు ఇంగ్లండును ఏలిన రెండవ చార్లెస్ రాజుకు చిన్న స్పానియల్ కుక్కలంటే వల్లమాలిన ప్రీతి. రాజ్యకార్యాలు చర్చించే సభలో కూడ రాజుగారు కుక్కతో ఆడుకుంటూ కూర్చున్నారని శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి 1667లో తన దినచర్యలో విసుక్కుంటూ వ్రాసుకున్నాడు. ఈ కుక్కలకు ఏ బహిరంగస్థలంలోనైనా, తుదకు పార్లమెంటు భవనంలోనైనా ప్రవేశం ఉండాలని ఆ రాజు శాసనం చేశాడని ఒక కథ వాడుకలో ఉన్నది. అటువంటి శాసనం ఏదీ లేదు. కాని రాజుగారి పేరు మాత్రం ఆ కుక్కకు స్థిరంగా నిలిచిపోయింది. ఆనాటి చిత్రపటాలలో కనిపించే ఈ స్పానియల్‌కు చదునైన తల, కొంత పొడవైన మూతి, వ్రేలాడే చెవులు, పట్టువంటి వెండ్రుకలు ఉన్నవి. 1837లో సింహాసనమెక్కిన విక్టోరియా రాణికి బాల్యమిత్రమైన డాష్ కూడ ఈ స్పానియల్ జాతిదే. సర్ ఎడ్విన్ ల్యాండ్‌సీర్ చిత్రించిన పటాలలో డాష్ మూతి ఇంకా చక్కగా ముందుకు సాగియే ఉన్నది.

తరువాతి దశాబ్దాలలో అభిరుచి మారింది. కుక్కల ప్రదర్శనలు వచ్చినవి, బహుమతులు వచ్చినవి. గుండ్రని తల, పెద్దకన్నులు, అణగిన ముక్కు గల ముఖం పసిపాప ముఖంవలె ముద్దుగా ఉంటుందని జనానికి తోచింది. పగ్ జాతితోను, జపాను నుండి వచ్చిన చిన్నకుక్కలతోను కలిపినందువలన ముక్కు కురుచ అయినదని పలువురి విశ్వాసం. ఏమైనా, శతాబ్దం ముగిసే నాటికి రాజుగారి నాటి పొడవు మూతి కుక్క ప్రదర్శనలలో కనబడకుండా పోయింది. 1903లో కెన్నెల్ క్లబ్బువారు ఈ కుక్కల నాలుగు రంగులనూ ఒకే జాతిగా చేర్చి ‘టాయ్ స్పానియల్’ అని పేరు పెట్టబూనగా, ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి కలుగజేసుకొని ‘కింగ్ చార్లెస్ స్పానియల్’ అనే పేరునే నిలిపించాడు. పేరు చార్లెస్ రాజుదే. ముఖం మాత్రం ఆయన ఎరుగని ముఖం.

అప్పుడు ఒక విచిత్రం జరిగింది. రోస్వెల్ ఎల్డ్రిడ్జ్ అనే అమెరికా దేశస్థుడు పాత చిత్రాలలోని స్పానియల్‌ను వెదుక్కుంటూ ఇంగ్లండు వచ్చి, ఎక్కడా కానక ఆశ్చర్యపోయాడు. 1926లో ఆయన అప్పట్లో లండనులో జరుగుతుండిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో పాతరకపు మూతి గల కుక్కలకు 25 పౌన్ల చొప్పున బహుమానం ప్రకటించాడు. పెంపకందారులు తమ కుక్కలలో మూతి పొడవుగా పుట్టి, ప్రదర్శనకు పనికిరానివని ప్రక్కన పెట్టిన వాటిని బయటికి తీశారు. 1928లో వీటికి ఒక సంఘం ఏర్పడింది. ‘ఆన్స్ సన్’ అనే కుక్కను నమూనాగా పెట్టుకొని జాతిలక్షణాలను వ్రాసుకున్నారు. ఎల్డ్రిడ్జ్ తన కోరిక ఫలించినది చూడకముందే మరణించాడు. 1945లో కెన్నెల్ క్లబ్బు ఈ పొడవుమూతి స్పానియల్‌ను ‘కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్’ అనే ప్రత్యేకజాతిగా అంగీకరించింది.

ఆ రెండు జాతుల అదృష్టం అక్కడి నుండి వేరయింది. కవలియర్ క్రమంగా ఇంటింటి ప్రియనేస్తమై బ్రిటనులో ఏటా వేల సంఖ్యలో నమోదవుతున్నది. అణగిన మూతి గల పాత కింగ్ చార్లెస్ తగ్గి తగ్గి, ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలోకి చేరింది. ఒకనాడు ఉన్నదే అది, లేనిది కవలియర్. ఈనాడు తలక్రిందులయింది. కనుక అరుదు అన్నది జనుల అభిరుచి చేసే గారడీయే గాని, కుక్కలో పుట్టిన విశేషం కాదని ఈ చరిత్ర మనకు తెలుపుతున్నది.

కథ ఇంతటితో ముగిస్తే వినోదంగానే ఉండును. కాని కవలియర్ జాతి చాలా కొద్ది కుక్కలతో మొదలయినదని మరువరాదు. ఒక జాతి పుస్తకంలో పేరున్నవాటిని వాటిలో వాటికే కలిపి, బయటివాటిని రానివ్వకపోతే, కొన్ని తరాలకు అందరూ దగ్గర చుట్టాలే అవుతారు. ప్రతి ప్రాణికీ తల్లివైపు నుండి ఒకటి, తండ్రివైపు నుండి ఒకటి చొప్పున జన్యువుల జతలు వస్తవి. చెడ్డ జన్యువు ఒకవైపు నుండే వస్తే రెండవదాని చాటున అది అణగి ఉండవచ్చును. ఇద్దరికీ పూర్వీకుడు ఒకడే అయితే అదే చెడ్డ జన్యువు రెండువైపుల నుండి వచ్చి పడుతుంది. దీనిని కొలవడానికి శాస్త్రజ్ఞులు ఒక లెక్క వేస్తారు. అన్నదమ్ముల బిడ్డలను, అనగా పెదతండ్రి పినతండ్రి పిల్లలను కలిపితే సంతతిలో ఆ లెక్క నూటికి 6.25, సవతి తోబుట్టువులను కలిపితే 12.5, తోబుట్టువులను గాని, తల్లినీ కొడుకునూ గాని కలిపితే 25. తోబుట్టువులకు, తల్లికొడుకులకు, తండ్రికూతుళ్ళకు పుట్టిన కూనలను తాము నమోదు చేయబోమని కెన్నెల్ క్లబ్బు 2009లో నిర్ణయించింది. అంతకు పూర్వం అది తప్పుగా ఎంచబడలేదన్నమాట.

ఈ దగ్గరితనానికి కవలియర్ చెల్లించిన మూల్యం ప్రధానంగా రెండు విధాలు. మొదటిది గుండెజబ్బు. గుండెలో ఎడమవైపు పైగదికి, క్రిందిగదికి నడుమ మైట్రల్ కవాటమనే తలుపు ఉన్నది. నెత్తురు ముందుకు పోవడానికి తెరచుకొని, వెనుకకు రాకుండా మూసుకోవడం దాని పని. ఈ తలుపు రెక్కలు మందమై, ముడుచుకొని, సరిగా మూసుకోకపోతే నెత్తురు వెనుకకు కారుతుంది. వైద్యుడు వినికిడి గొట్టం పెట్టినప్పుడు బుసవంటి ధ్వని వినిపిస్తుంది. ఇతర చిన్నకుక్కలలో ఇది ముసలితనాన వచ్చే జబ్బు. కవలియర్‌లలో అయిదారేళ్ళ వయస్సుకే సుమారు సగం కుక్కలకు ఈ ధ్వని వినబడుతుంది. పదేళ్ళు దాటినవాటిలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. 2021లో స్వీడను దేశపు ఉప్సల విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎనిమిది జాతుల జన్యువులను పోల్చి చూడగా, హానికరమైన మార్పులు అన్నిటికంటె కవలియర్‌లోనే ఎక్కువగా కూడియున్నట్లు తేలింది.

రెండవ జబ్బు తలకు సంబంధించినది. కపాలం వెనుకభాగం మెదడుకు చాలనంత చిన్నదిగా ఏర్పడుతుంది. మెదడు చుట్టూ, వెన్నుపాము వెంట ప్రవహించవలసిన ద్రవానికి దారి ఇరుకై, వెన్నుపాములోనే నీటితిత్తులు ఏర్పడుతవి. దీనిని సిరింగోమయేలియా అంటారు. ఈ జబ్బు గల కుక్క నడుస్తూ నడుస్తూ ఆగి, మెడ దగ్గర గాలిలోనే కాలితో గోకుకుంటుంది, ఎత్తుకోబోతే కేక వేస్తుంది, మెడపట్టీ ముట్టనివ్వదు. చూచేవారికి గజ్జి అనిపించవచ్చును, అల్లరి అనిపించవచ్చును. అది నొప్పి. ఎం.ఆర్.ఐ. పరీక్షలో తప్ప ఇది నిశ్చయంగా తెలియదు. ఈ రెండు జబ్బుల నుండి పాత కింగ్ చార్లెస్ స్పానియల్‌కు కూడ విముక్తి లేదు. దానికి అణగిన ముక్కువలన ఊపిరి కష్టం అదనం.

ఇటువంటి జాతిని పెంచడం న్యాయమా అనే ప్రశ్న న్యాయస్థానం దాకా కూడ వెళ్ళింది. నార్వేలో జంతుసంరక్షణ సంఘం వేసిన దావాలో, కవలియర్‌లను కవలియర్‌లతోనే కలిపి కూనలను పుట్టించడం ఆ దేశపు జంతుసంక్షేమ చట్టానికి విరుద్ధమని 2022 జనవరిలో ఓస్లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు కవలియర్ విషయంలో అదే నిర్ణయాన్ని స్థిరపరచింది. ఇతరజాతి కుక్కలతో శాస్త్రీయంగా సంకరం చేసి జాతిని బాగుచేసే ప్రయత్నానికి మాత్రం అడ్డు లేదని చెప్పింది. పక్కనే ఉన్న డెన్మార్కులో దారి వేరు. 2002 నుండి అక్కడ గుండె పరీక్ష చేయించి, నిబంధనలకు సరిపడిన కవలియర్‌లనే కలపాలని ఏర్పాటు చేశారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ పద్ధతిలో ఎన్నుకోబడినవైతే, సంతానానికి కవాటం కారే ప్రమాదం నూటికి 73 వంతులు తగ్గినదని 2016లో ప్రకటితమైన ఫలితాలు తెలిపినవి. అంటే జబ్బు విధివ్రాత కాదు. పెంపకందారుడు పరీక్ష చేయించడం వలన, కొనేవాడు ఆ పరీక్షాపత్రం అడగడం వలన అది తగ్గుతుంది.

కాబట్టి కొనేవాడు అడిగే ప్రశ్నలే జాతి భవిష్యత్తును నిర్ణయిస్తవి. ముఖం ముద్దుగా ఉన్నదా అని అడిగితే పెంపకందారు ముఖాన్నే పెంచుతాడు. గుండె బాగున్నదా అని అడిగితే గుండెను చూచుకుంటాడు. అరుదైన జాతిలో కొనేవారు కొద్దిమందే గనుక ఒక్కొక్కరి ప్రశ్నకు మరింత బలం ఉన్నది.

ఏమేమి అడగాలి? కూన తల్లిదండ్రుల వయస్సెంత? వాటి గుండెను పశువైద్యుడు ఎప్పుడు పరీక్షించాడు? తాత అవ్వలు బ్రతికి ఉన్నవా, ఉంటే వాటి గుండె ఎట్లున్నది? ఆలస్యంగా బయటపడే జబ్బు గనుక రెండేళ్ళు నిండకముందే కూనలను పెట్టిన తల్లి ఆరోగ్యాన్ని గూర్చి ఎవరూ హామీ ఇవ్వజాలరు. తల్లిదండ్రులకు చుట్టరికం ఎంత దగ్గర? ఈ ప్రశ్నలకు కోపగించుకొనేవాని వద్ద కొనకపోవడం మంచిది. వంశపత్రం చూపినంత మాత్రాన చాలదు. వంశపత్రం పుట్టుకను చెబుతుంది గాని, ఆరోగ్యాన్ని చెప్పదు. కూనను దాని తల్లి దగ్గర, పుట్టిన ఇంటిలోనే చూడాలి. తల్లిని చూపక, దారిలో ఎక్కడో కూనను చేతిలో పెట్టేవానిని నమ్మరాదు. మనదేశంలో 2017లో చేసిన నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదు. ఆ నమోదుపత్రం చూపుమని అడిగే హక్కు కొనేవారికి ఉన్నది.

మిక్కిలి చిన్నదిగా ఉండే కూనను ‘టీకప్’ అని చెప్పి హెచ్చు ధరకు అమ్మడం కద్దు. అటువంటి జాతి ఏదీ లేదు. మరీ చిన్నకూనలో చక్కెర నిలువ తక్కువ. ఒకపూట ఆహారం తప్పితే ఒళ్ళు వణికి స్పృహ తప్పవచ్చును. చిన్నజాతి కుక్కలలో మోకాలిచిప్ప జారడం, ఇరుకు దవడలో పళ్ళు ఒకదానిపై ఒకటి రావడం సాధారణం. ఇటాలియన్ గ్రేహౌండ్ వంటి సన్నని కాళ్ళవాటికి కుర్చీ మీది నుండి దూకినా ఎముక విరగవచ్చును. చివావాలలో చాలవాటికి నడినెత్తి మీది మాడు పూడకుండా మెత్తగానే ఉండిపోతుంది. నాలుగైదేళ్ళ పిల్లలున్న ఇంటికి ఇంతటి సుకుమారమైన ప్రాణి తగదు. పసివాడు ప్రేమతోనే ఎత్తుకొని, ప్రేమతోనే జారవిడుస్తాడు. 5 నుండి 8 కిలోల బరువుండే కవలియర్ కొంత నయం. దాని స్వభావం కూడ శాంతం. పిల్లలతో, వృద్ధులతో ఇమిడిపోతుంది. కరిచే గుణం తక్కువ. ఇంతమంది దానిని కోరడానికి కారణం కూడ ఆ శాంతమే.

మన ప్రాంతంవారు ఇంకొక సంగతి విచారించుకోవాలి. కుక్కకు మనవలె ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం వలననే శరీరం చల్లబడుతుంది. ముక్కు అణగిన కుక్కకు ఆ గాలిదారియే ఇరుకు. రాయలసీమలో, తెలంగాణలో, బెజవాడ పరిసరాలలో వేసవి వేడిమి 40 డిగ్రీలు దాటినప్పుడు అటువంటి కుక్క పగటిపూట వీధిలోకి వస్తే ప్రాణాపాయం. ఉదయం సూర్యుడెక్కకముందు, సాయంకాలం నేల చల్లబడిన తరువాత మాత్రమే నడిపించాలి. పగలు నీడ, చల్లనిగాలి, నీరు అమర్చాలి. ఇది ఒకనాటి శ్రమ కాదు, ప్రతి వేసవి శ్రమ. మన ఇండ్లలో పొమరేనియన్ అని పిలిచే తెల్లని బొచ్చుకుక్క చాల చోట్ల నిజానికి ఇండియన్ స్పిట్జ్ అనే జాతిది. తరాలుగా ఇక్కడనే పుట్టి పెరిగినది గనుక మన ఎండలను కొంత ఓర్చుకోగలదు. కావలసినది ఇంటికి ఒక చిన్ననేస్తమే అయితే దూరదేశపు అరుదైన జాతికోసం వెదకనక్కరలేదు. వీధిలో పుట్టిన కూనకు టీకాలు వేయించి పెంచినా ఆ స్నేహంలో లోటుండదు.

అంతమాత్రాన అరుదైన జాతిని ఎవరూ పెంచరాదని కాదు. శ్రద్ధ గలవారు విడిచిపెడితే, మిగిలేది లాభం చూచుకొనేవారి చేతిలోనే. ఏడాది రెండేళ్ళు ఎదురుచూడగల ఓపిక, పశువైద్యునికి అయ్యే ఖర్చును ముందుగానే లెక్కవేసుకొనే వివేకం, దినమూ ఒక గంట దువ్వడానికి, నడిపించడానికి తీరిక ఉన్న ఇంటికి ఆ కుక్క రావచ్చును. అటువంటివారు పసికూననే కోరక, పెంపకందారు ఇంటనున్న అయిదారేళ్ళ పెద్దకుక్కను అడిగి చూడవచ్చును. దాని గుండె ఎట్లున్నదో ఆ వయస్సుకు చాలవరకు తెలిసిపోతుంది. దాని స్వభావమూ స్థిరపడి ఉంటుంది. ఏ కుక్కనైనా తెచ్చిన తరువాత పిచ్చికుక్క కాటుజబ్బుకు టీకా తప్పక వేయించాలి. ఏటేటా గుండె పరీక్ష చేయించాలి. మెట్లు ఎక్కేటప్పుడు ఆగుతున్నదా, రాత్రివేళ దగ్గుతున్నదా, నిద్రలో ఊపిరి ఎక్కువసార్లు తీస్తున్నదా అని ఇంటివారు కనిపెడుతూ ఉండాలి. జబ్బు మొదటిదశలో తెలిస్తే మందులతో ఎన్నో మంచి సంవత్సరాలు గడుస్తవి.

చిన్నకుక్క ఆయుస్సు సుమారు పన్నెండేళ్ళు. ఈనాడు అయిదవ తరగతి చదివే పిల్లవాడు అది ముసలిదయ్యేనాటికి కళాశాల దాటి ఉంటాడు. ఆ పన్నెండేళ్ళలో కుక్క తన నొప్పిని నోటితో చెప్పలేదు. కొనేముందు మనం అడిగే నాలుగు ప్రశ్నలే దాని పక్షాన పలికే మాటలు. అవి అడిగిన ఇంటికి వచ్చిన కుక్క అరుదైనదైనా, సాధారణమైనదైనా, ఆ పిల్లవాని బాల్యానికి ఆరోగ్యంతో తోడుండగలదు.